విదూషక మత్స్యము - సముద్రపుష్పము

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణములోనికి పోవు విద్యార్థికి సముద్రము వందలాది కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను సముద్రపు చిన్న చేప యొకటి అతనికి సుపరిచితమే. నారింజ రంగు దేహముపై మూడు తెల్లని పట్టీలుగల ఆ చేపను విదూషక మత్స్యము లేక క్లౌన్ చేప అందురు. సహభోజకత్వమును బోధించునపుడు జీవశాస్త్ర పాఠములో దీనినే ఉదాహరింతురు. సీ ఎనిమోను ఆశ్రయమువలన చేపకు లాభము కలుగుననియు, ఎనిమోనుకు లాభనష్టములు లేవనియు చెప్పుదురు. ఇది యెంతవరకు సత్యము?

సీ ఎనిమోను, అనగా సముద్రపుష్పము, పువ్వువలె కనిపించినను జంతువే. దాని స్పర్శకములలో అసంఖ్యాకముగా దంశకణములు కలవు. వానిని తాకిన చిన్న చేపలు విషమువలన కదలలేక దానికి ఆహారమగును. విదూషక మత్స్యము మాత్రము వాని నడుమ నిర్భయముగా తిరుగును. దేహమును కప్పియుండు జిగురు పొరయే దానికి కవచము. దంశకణములను ప్రేరేపించు సయాలిక్ ఆమ్లము ఈ పొరలో మిక్కిలి తక్కువగా నుండునని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి.

చేపకు రక్షణ లభించినది. మరి ఎనిమోనుకు లభించున దేమి? స్పర్శకములను కొరికితిను సీతాకోక చేపలను విదూషక మత్స్యము తరిమివేయును. అది విసర్జించు అమ్మోనియా, ఎనిమోను కణములలో నివసించు సూక్ష్మ శైవలములకు ఎరువగును. ఆ శైవలములు సూర్యరశ్మితో తయారుచేయు ఆహారములో కొంత ఎనిమోనుకు చేరును. రాత్రివేళ చేప కదలికలవలన నీరు కదలి ఎనిమోనుకు ఆక్సిజను ఎక్కువగా అందును. కావున లాభము రెంటికిని కలదు. దీనిని అన్యోన్య సహజీవనమనుటయే సమంజసము.

ఒక్కొక్క ఎనిమోనులో ఒక చిన్న కుటుంబముండును. అన్నిటికంటె పెద్దది ఆడచేప, దాని తరువాతిది మగచేప, తక్కినవి సంతానోత్పత్తి చేయని చిన్న చేపలు. మగచేప గ్రుడ్లకు కావలి యుండి, రెక్కలతో నీరు విసరుచుండును. సుమారు వారము పది దినములలో పిల్లలు వెలువడును. ఆడచేప మరణించినచో మగచేపయే క్రమముగా ఆడదిగా మారును. చిన్నవానిలో పెద్దది మగచేప స్థానమును పొందును. ఈ వింతను 1977లో హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనువారు సవిస్తరముగా ప్రకటించిరి.

ఇట్టి కుటుంబమునుండి పెద్ద చేపను పట్టుకొనినచో, మార్పు పూర్తియగువరకు అక్కడ సంతానోత్పత్తి నిలిచిపోవును. ఎనిమోనును కాపాడు చేపయు తగ్గును. సముద్రజలము మితిమీరి వేడెక్కినపుడు శైవలములు వెడలిపోయి ఎనిమోను తెల్లబడును. అపుడు చేపకును కష్టమే. అండమాను, లక్షద్వీపముల ప్రవాళభిత్తులకు ఈ రెండు ప్రమాదములును కలవు.

మొదటి దానికి ఉపాయము కలదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమిళనాడులోని మండపములో ఈ చేపలకు తొట్లలోనే పిల్లలు పుట్టించు పద్ధతిని సాధించిరి. తార్నాకలోని తన యింట గాజుతొట్టి నుంచదలచిన విద్యార్థి, చేప సముద్రమున పట్టినదా, తొట్టిలో పుట్టినదా యని విచారించి కొనవలెను. ఉపాధ్యాయుడు సహభోజకత్వమునకు ఈ ఉదాహరణమును చెప్పునపుడు, ఎనిమోను పొందు లాభమును గూడ వివరింపవలెను.