పోలిక – ఆపుకోవలసిన వేగం

మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దప్పిక, నిద్ర వంటి 13 సహజ వేగాలను బలవంతంగా ఆపరాదని చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం చెబుతున్నది. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలిసినదే. అదే అధ్యాయంలో, తప్పక ఆపుకోవలసిన మనోవేగాలు కూడా ఉన్నాయి. లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, సిగ్గులేనితనం, అత్యాసక్తి, పరుల సొత్తుపై ఆశ, ఈర్ష్య. వీటిలో ఈర్ష్యను గురించి పాఠకులు కొంత ఆలోచించవలసినదిగా కోరుతున్నాను. పోలిక ముదిరితే ఈర్ష్య అవుతుంది.

బరువు తూచడానికి త్రాసు, జ్వరం కొలవడానికి థర్మామీటరు ఉన్నాయి. “నా బ్రతుకు సరిగా సాగుతున్నదా?” అన్న ప్రశ్నకు అట్టి కొలమానం లేదు. కొలమానం లేనిచోట మనిషి తోటివారిని చూసి తనను అంచనా వేసుకుంటాడని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించాడు. అయితే తోటివారి ఇంట మనకు కనిపించేవి పెండ్లి పందిరి, కొత్త ఇల్లు, పిల్లవాని ర్యాంకు మాత్రమే. అప్పులు, అనారోగ్యాలు కనిపించవు. నేడు చేతిలోని ఫోను ఆ పందిళ్లను రోజంతా చూపుతున్నది.

దీని ప్రభావం జఠరాగ్నిపై పడుతుంది. ఈర్ష్య, భయం, క్రోధాలతో కలత చెందిన మనస్సుతో భుజించిన అన్నం చక్కగా జీర్ణం కాదని సుశ్రుతుడు పేర్కొన్నాడు. పథ్యమైన ఆహారం మితంగా తిన్నా, చింత, శోకం ఉంటే అరగదని చరకుని అభిప్రాయం.

నా వద్దకు వచ్చిన ఒక గృహిణి ఇందుకు ఉదాహరణ. ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, అర్ధరాత్రి దాటగానే మెలకువ. కారం, పులుపు మాన్పించినా తగ్గలేదు. విచారించగా, ఆ ఇంట రాత్రి భోజనాల వేళ ప్రతిదినం ఒకటే ప్రసంగమని తెలిసింది: తోటికోడలి కొడుకు అమెరికా ఉద్యోగం, తన కొడుకు పాలిటెక్నిక్ చదువు. ఆ కుర్రవాడు కంచం తీసుకొని వేరే గదిలోకి పోయేవాడట. అతనికీ ఆకలి మందగించింది. ఒకరి పోలిక ఇద్దరికి వ్యాధి అయింది.

“ఏకాదశి ఉపవాసం మీకు సులువు, మీవారికి మధ్యాహ్నానికే తలనొప్పి అన్నారు కదా. అందుకు ఆయనను తక్కువగా చూస్తారా?” అని అడిగాను. “అదేమిటండీ, ఆయనది వేడి శరీరం” అన్నది. ఆ వేడి శరీరమే ప్రకృతి. పిత్త ప్రకృతివారు ఆకలికి ఓర్వలేరు. కఫ ప్రకృతివారు ఓర్వగలరు. ఒంటి విషయంలో ఇంత సులువుగా అంగీకరించే మనం, అభిరుచి, ఎదుగుదల విషయంలో మాత్రం అందరినీ ఒకే కొలతకు తెస్తాము. మామిడి వేసవిలో పండుతుంది. ఉసిరి కాయడానికి కార్తికం రావాలి.

మరి ఉన్నచోటనే ఉండిపోవడమా అని పాఠకులు అడగవచ్చు. కాదు. సద్వృత్తాన్ని బోధించే 8వ అధ్యాయంలో చరకుడు చక్కని మార్గం చూపాడు. ఈర్ష్య పడదలిస్తే హేతువు మీద పడాలి, ఫలం మీద కాదని దాని భావం. బంధువుల కుమారుని జీతం ఫలం. అతడు ఏళ్ల తరబడి వేకువనే లేచి చదవడం హేతువు. ఫలాన్ని చూస్తే కుమిలిపోతాము. హేతువును చూస్తే, అందులో మన ప్రకృతికి సరిపడినది స్వీకరిస్తాము.

ఆమెకు చెప్పిన నియమాలు అందరూ పాటించదగినవి.

1. భోజన సమయంలో ఇతరుల సంపాదన, మార్కుల ప్రసంగం వద్దు.

2. పడుకొనేముందు ఒక గంట ఫోను దూరంగా ఉంచి, గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దన చేసుకోవాలి.

3. నిద్ర కలిగించేవాటిలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. జీర్ణశక్తి బాగున్నవారు రాత్రి అరగ్లాసు వెచ్చగా త్రాగవచ్చు.

4. పోల్చుకోక తప్పదనిపిస్తే, గత సంవత్సరం ఇదే నెలలో మనం ఎట్లా ఉన్నామో కాగితంపై వ్రాసుకొని, దానితో పోల్చుకోవాలి.

నెల గడిచేసరికి ఆమెకు మంట తగ్గింది, తెల్లవారుజాము వరకు నిద్ర పట్టసాగింది. తోటికోడలి కొడుకు అమెరికాలోనే ఉన్నాడు. ఈమె కొడుకు మాత్రం తల్లి ప్రక్కన కూర్చుని భోంచేస్తున్నాడు.

ఛాతీ మంట తగ్గకపోయినా, రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, జీవితంపై విరక్తి కలిగినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను.