మీకు తెలుసా? సముద్రం లేని దేశానికీ నౌకాదళం!

దక్షిణ అమెరికాలోని బొలీవియాకు సముద్రతీరం లేదు. అయినా నౌకాదళం ఉంది! దాని నావికులు సముద్రమట్టానికి సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సులోను, నదుల్లోను గస్తీ తిరుగుతారు.

ఒకప్పుడు ఈ దేశానికి పసిఫిక్ మహాసముద్రం వైపు దాదాపు 400 కిలోమీటర్ల తీరం ఉండేది. అయితే జనం ఎక్కువగా ఉండే పీఠభూమికీ ఆ తీరానికీ మధ్య ఆండీస్ పర్వతాలు, అటకామా ఎడారి అడ్డు. అందుకే ఆ తీరంలోని అంటోఫగస్టా రేవులో బొలీవియన్ల కంటే చిలీవాళ్లే ఎక్కువగా ఉండేవారు. సొంత నేలే, కానీ చేతికందని నేల. పైగా వాన దాదాపుగా పడని ఆ ఎడారిలో ఎరువులకు, పేలుడు పదార్థాలకు పనికొచ్చే నైట్రేట్ బయటపడింది. 1878లో దాన్ని తవ్వుతున్న చిలీ కంపెనీపై బొలీవియా క్వింటాలుకు 10 సెంటావోల పన్ను వేసింది. పాత ఒప్పందానికి ఇది విరుద్ధమంటూ చిలీ 1879 ఫిబ్రవరిలో అంటోఫగస్టాను ఆక్రమించింది. బొలీవియా మిత్రదేశం పెరూ కూడా యుద్ధంలోకి దిగింది, కానీ రెండూ ఓడిపోయాయి.

1904 ఒప్పందంతో తీరం పూర్తిగా చిలీ పరమైంది. బదులుగా చిలీ రేవుల మీదుగా సరుకు రవాణా చేసుకునే హక్కు, అరికా రేవు నుంచి లా పాజ్‌కు రైలుమార్గం బొలీవియాకు దక్కాయి. పోయిన తీరాన్ని మాత్రం ఆ దేశం మరవలేదు. ఏటా మార్చి 23న ‘సముద్ర దినం’ జరుపుకొంటుంది. సముద్ర మార్గం కోసం అంతర్జాతీయ న్యాయస్థానానికీ వెళ్లింది. దానిపై చర్చలు జరపాల్సిన బాధ్యత చిలీకి లేదని 2018లో ఆ న్యాయస్థానం తీర్పునిచ్చింది.