పత్తి ధర యెక్కడ నిర్ణయమగుచున్నది?

ఆదోనిలోగాని ఆదిలాబాదులోగాని పత్తి ధర పడిపోయినప్పుడు రైతు దళారిని నిందించును. దళారి మిల్లువానిని చూపును. మిల్లువాడు ప్రపంచ విపణిని చూపును. ఈ చివరి మాటలో నిజము లేకపోలేదు. అయితే ఆ విపణి దైవనిర్మితము కాదు.

2001-02లో అంతర్జాతీయ ధర పౌనుకు 42 సెంట్ల సమీపమునకు దిగజారెను. అమెరికాలో అప్పుడు పత్తి రైతులు ఇంచుమించు 25,000 మంది. ఆ యేట వారికి ప్రభుత్వ బొక్కసమునుండి ముట్టినది 300 కోట్ల డాలర్లకు పైమాటే. ధర తగ్గినకొలది సాయము పెరుగు ఏర్పాటగుటచే వారికి సాగు తగ్గించు అగత్యము లేకపోయెను. మిగులు సరుకు విదేశములకు పోయెను. ధర ఇంకను క్రుంగెను. వారి పత్తిని కొను ఎగుమతిదారులకును, మిల్లులకును వేరొక బహుమానము! ఇట్టివారే లోకమునకు స్వేచ్ఛావాణిజ్యమును బోధించుట వింతగాదా?

వానను నమ్మి సాగుచేసి, చేతులతో దూది యేరుకొను బెనిను, బుర్కినాఫాసో, మాలి, చాదు దేశముల కర్షకులకు అట్టి బొక్కసము అండ లేదు. 2003లో ఆ నాలుగు దేశములును ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట నిలిచి భిక్ష వేడలేదు. ఈ సాయములను తొలగింపుడు, అందాక మా నష్టము తీర్పుడని కోరినవి. ఆ సెప్టెంబరున కాంకూను మంత్రుల సభలో వెలువడిన చిత్తుప్రతి వారిని ఇతర వృత్తులవైపు మరలించు మార్గము సూచించెను! సభయు నిర్ణయము లేకయే ముగిసెను.

బ్రెజిలుకు న్యాయవాదుల బలము కలదు. 2002లో వ్యాజ్యము వేసి, 2005 నాటికి అప్పీలులోను గెలిచెను. 2006లో అమెరికా మిల్లుల బహుమానమును మాత్రము రద్దుచేసెను. తక్కిన సాయములను మానుటకు మారుగా, 2010లో బ్రెజిలుకు ఏటేట 14.73 కోట్ల డాలర్లు చెల్లింప నొడంబడి, 2014లో మరి 30 కోట్లిచ్చి తగవు ముగించుకొనెను. తన రైతుల పోషణ కొనసాగించుటకై పరుల రైతులకును కప్పము! ఆ వ్యాజ్యమున మూడవపక్షముగా నిలిచిన బెనిను, చాదులకు పరిహారమేమియు నిర్ణయింపబడలేదు. 2014 చట్టమున ప్రధాన సాయములనుండి తొలగిన పత్తి, 2018లో ‘గింజ తీయని పత్తి’ యను పేర మరల ప్రవేశించెను.

ఇక మన ప్రభుత్వ విధానము నిర్దోషమా? 2010లోను, 2012లోను ఎగుమతులను హఠాత్తుగా నిలిపి, మిల్లులకు చౌకసరుకు కూర్చుటకై రైతు నోటికడి తీసిరి. 2025 ఆగస్టులో, క్రొత్త పంట రానున్న తరుణమున, 11 శాతము దిగుమతి సుంకమును సంవత్సరాంతమువరకు ఎత్తివేసిరి. విత్తుటకు ముందే ఆ యేటి ఎగుమతి దిగుమతి నిబంధనలను ప్రకటించి, పంట అమ్ముడగువరకు మార్పకుండుటకు బొక్కసమునుండి వ్యయమేమియు అక్కరలేదు. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ముందుగా దీనిని సాధింపవలెను.