పందెపు కారులో ఇంధన తిత్తి స్థానమార్పు: ఉత్తర తెలంగాణ వృత్తిపదాల వెలుగులో వివరణ

వ్యాససంగ్రహం:
పందెపు కారులో రేడియేటర్‌కు చోటు కల్పించడానికి ఇంధన పాత్రను జరిపితే బరువు, వేడి, అగ్నిభద్రత మూడింటి లెక్కా మారుతుంది. ఈ ప్రక్రియను తెలుగులో వివరించడానికి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వృత్తిపదాలు ఎలా తోడ్పడతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తిత్తి, తొణుకు, ట్యాంకీ, రేడియేటర్, పారిభాషిక పదాలు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం
మాండలిక వృత్తిపదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండవ సంపుటం (1971) చేనేత పదాలను నమోదు చేశాయి. ఒక పనికి సంబంధించిన మాటలను ఆ పని చేసేవారి నోటినుండే సేకరించాలన్నది ఆ సంపుటాలు చూపిన మార్గం. మోటారు వాహనాల విషయంలోనూ ఆ మార్గం ఉపయోగపడుతుందనడానికి ఇంధన పాత్ర స్థానమార్పు మంచి ఉదాహరణ.

2. 'ఫ్యూయల్ సెల్': ఒక పేరు, రెండు అర్థాలు
హైడ్రోజన్, ఆక్సిజన్‌ల చర్యతో విద్యుత్తును ఉత్పత్తి చేసే సాధనాన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. దానికి 'ఇంధన ఘటం' అనే అనువాదం సరిపోతుంది. పందెపు కారులో అదే పేరుతో పిలిచేది పెట్రోలు నిలువచేసే సంచిని. రబ్బరు పూసిన గట్టి వస్త్రంతో చేసిన ఈ సంచిని లోహపు పెట్టెలో అమరుస్తారు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య వీటికి ఎఫ్‌టి3 వంటి ప్రమాణాలను నిర్దేశించింది. సాధారణంగా 5 సంవత్సరాల వాడుక తరువాత సంచిని మార్చాలి, లేదా మళ్లీ పరీక్షింపజేయాలి. దీన్ని కూడా 'ఇంధన ఘటం' అంటే అర్థం తారుమారవుతుంది.

ఇక్కడ కమ్మరి కొలిమిలోని 'తిత్తి' అనే మాట అక్కరకు వస్తుంది. ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాలకు ఇనుము, ఉక్కు తయారీలో సుదీర్ఘ చరిత్ర ఉంది. 2010లో ఉత్తర తెలంగాణలో జరిగిన పురాలోహశాస్త్ర క్షేత్రపరిశీలన ఆ ఆనవాళ్లను విస్తృతంగా నమోదు చేసింది. కొలిమి తిత్తి ముడుచుకొని విచ్చుకొంటుంది గాని పగలదు. ప్రమాదంలో ఇంధన సంచి చేయవలసిన పనీ అదే: వంగాలి, చిరగరాదు. అందువల్ల 'ఇంధన తిత్తి' అనే పదం వస్తువు స్వభావాన్ని నేరుగా చెబుతుంది.

3. రేడియేటర్‌కు చోటు ఎందుకు?
రేడియేటర్ వదిలే వేడి దానిలోని నీటికీ బయటి గాలికీ మధ్యగల ఉష్ణోగ్రతాభేదంపై ఆధారపడుతుంది. నీరు 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే భేదం 70. రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో వలె గాలి 45 డిగ్రీలకు చేరితే భేదం 50కి తగ్గుతుంది. అంటే అదే రేడియేటర్ సుమారు ఏడింట ఐదు వంతుల వేడినే వదలగలదు. అప్పుడు పెద్ద రేడియేటర్ అవసరమవుతుంది. కారు ముందుభాగంలో చోటు చాలనప్పుడు కొందరు దాన్ని వెనుక అమరుస్తారు. అక్కడ ఇంధన తిత్తి ఉంటే దాన్ని ముందుకు, అంటే చోదకుని వైపు, జరపవలసి వస్తుంది.

4. బరువు, తొణుకు
ఇద్దరు మనుషులు ఒక దుంగకు మూటను వేలాడదీసి మోస్తున్నప్పుడు మూట ఎవరికి దగ్గరైతే వారి భుజంపై భారం పెరుగుతుంది. కారు ఇరుసులకూ ఇదే సూత్రం. 50 లీటర్ల పెట్రోలు సుమారు 37.5 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లయి, తిత్తి అర మీటరు ముందుకు జరిగితే, ఆ ఇంధనం వల్ల 7.5 కిలోల భారం వెనుక ఇరుసునుండి ముందు ఇరుసుకు మారుతుంది. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఈ భారమూ తగ్గుతుంది. కనుక తిత్తి కారు గరిమనాభికి ఎంత దగ్గరగా ఉంటే పందెం పొడవునా సమతూకం అంత నిలకడగా ఉంటుంది.

'నిండుకుండ తొణకదు' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సగం ఖాళీ అయిన తిత్తిలో పెట్రోలు మలుపుల వద్ద ఒకవైపుకు ఒరిగి, పంపుకు అందకుండా పోవచ్చు. లోపల నింపిన నురుగుదిమ్మె ఈ కదలికను అణచుతుంది. దీనికి 'తొణుకు' అనే పేరు సిద్ధంగానే ఉంది.

5. వేడి, నిప్పు
కొత్త స్థానంలో తిత్తి ఒకవైపు రేడియేటర్‌కు, మరొకవైపు చోదకునికి దగ్గరవుతుంది. రేడియేటర్‌నుండి వెలువడే వేడిగాలి తిత్తిని తాకకుండా గొట్టం ద్వారా బయటికి పోవాలి. చోదకునికీ తిత్తికీ మధ్య మంటను, ద్రవాన్ని ఆపే లోహపు గోడ తప్పనిసరి. కారు బోల్తాపడితే గాలిగొట్టంలోని కవాటం మూసుకోవాలి.

2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమాఁ గ్రోజాఁ కారు రెండు ముక్కలై మండింది. అతడు అర నిమిషంలోపే బయటపడ్డాడు. ఇంజిన్‌కు ఇంధనం అందించే గొట్టపు అతుకు తిత్తినుండి ఊడిపోవడం, తనిఖీ మూత తొలగిపోవడం వల్ల పెట్రోలు బయటికి వచ్చిందని దర్యాప్తు తేల్చింది. తిత్తి ఎంత దృఢమైనదైనా అతుకులు బలహీనమైతే రక్షణ లేదు. తిత్తిని జరిపినప్పుడు ప్రతి గొట్టాన్నీ అతుకునూ కొత్తగా అమర్చవలసి రావడానికి కారణం ఇదే.

6. ముగింపు
రేడియేటర్, పంపు వంటి మాటలు మెకానిక్ షెడ్లలో స్థిరపడ్డాయి. వాటిని మార్చనవసరం లేదు. మామూలు వాహనపు ఇంధన పాత్రకు 'ట్యాంకీ' ఉండనే ఉంది. అరువుమాట అర్థాన్ని మరుగుపరచే చోట మాత్రమే తిత్తి, తొణుకు వంటి దేశిపదాలు కావాలి. 'ఇంధన ఘటం' అని చదివిన విద్యార్థి హైడ్రోజన్‌ను ఊహిస్తాడు. 'ఇంధన తిత్తి' అని చదివినవాడు చిరగకూడని సంచిని, దాని అతుకులను ఊహిస్తాడు. అగ్నిభద్రతకు సంబంధించిన విషయంలో ఈ తేడా చిన్నది కాదు. కొలిములు మూతపడేలోగా, షెడ్ల భాష మారిపోయేలోగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఈ పదాల సేకరణ జరగడం అవసరం.