పవర్ స్టీరింగ్ ఆయిల్: తగ్గితే పోసి ఊరుకోకండి

కారు ఉన్నవాళ్లం ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చామో గుర్తుపెట్టుకుంటాం, టైర్లలో గాలి చూసుకుంటాం. పవర్ స్టీరింగ్ ఆయిల్ సంగతి మాత్రం స్టీరింగ్ బరువెక్కేదాకా చాలామందికి గుర్తురాదు. మేమూ అలాగే ఉండి నష్టపోయాం. అప్పుడు తెలుసుకున్న నాలుగు విషయాలు మీతో పంచుకుంటున్నాం.

ముందు ఆ ఆయిల్ ఏం చేస్తుందో చూద్దాం. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుందని బడిలో పిల్లలకు పాస్కల్ నియమం చెబుతాం. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పనిచేసేది ఆ నియమంతోనే. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను అధిక పీడనంతో గొట్టాల ద్వారా స్టీరింగ్ ర్యాక్‌కు పంపుతుంది. మనం స్టీరింగ్ ఎటు తిప్పితే ఆ పీడనం అటు తోడ్పడుతుంది. పంపు అరిగిపోకుండా కాపాడేదీ ఆ ఆయిలే. 1951లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో ఈ సదుపాయం మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది.

అన్ని కార్లకూ ఈ ఆయిల్ ఉండదు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ మోటారుతో పనిచేసే స్టీరింగ్ ఉంటుంది. బొలేరో, పాత ఇన్నోవా వంటి వాహనాలకు ఆయిల్ ఉంటుంది. మీ బండి ఏ రకమో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి.

మాది పాత ఇన్నోవా. మలుపుల్లో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సన్నగా మూలిగేది. గ్యారేజీలో చూపిస్తే ఆయిల్ పోసి పంపారు. నెల తిరక్కుండానే తగ్గింది. మళ్లీ పోశారు. ఆ తర్వాత ఒకరోజు పిల్లలతో ఊరికి వెళ్తుంటే కల్వర్టు దగ్గర మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కింది. రెండు చేతులతో బలమంతా పెడితే గానీ తిరగలేదు. ఎదురుగా బండ్లేవీ లేవు గనుక బతికిపోయాం.

మర్నాడు మరో మెకానిక్‌కు చూపించాం. పెద్దాయన. "మాస్టారూ, ఇంజిన్ ఆయిల్ అయితే కొంత మండిపోతుంది. ఇది మండేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే" అన్నాడు. గొట్టం జాయింటు దగ్గర జిడ్డుగా చెమ్మ కనిపించింది. మొదట్లోనే చూసి ఉంటే ఒక్క గొట్టంతో పోయేది. ఆయిల్ చాలక పంపు కూడా పాడైంది, దాన్నీ మార్చాల్సి వచ్చింది.

అప్పటినుంచి నెలకోసారి ఇలా చూసుకుంటున్నాం.

1. బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేయాలి. ఆయిల్ డబ్బా మీద గానీ, మూతకున్న పుల్ల మీద గానీ కనిష్ఠం, గరిష్ఠం గీతలు ఉంటాయి. మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలి. కొన్నింటికి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఒక గీత, చల్లగా ఉన్నప్పుడు ఒక గీత ఉంటాయి. గరిష్ఠం దాటి పోయకూడదు.

2. మూత తీసేముందు చుట్టూ దుమ్ము తుడవాలి. తెల్లటి గుడ్డమీద రెండు చుక్కలు వేసి చూడాలి. ఆయిల్ నల్లబడినా, మాడు వాసన వచ్చినా, లోహపు రజను మెరిసినా మెకానిక్‌కు చూపించాలి. నురగ ఉంటే లోపలికి గాలి చేరినట్టు.

3. పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే పోయాలి. కొన్ని కార్లకు ఆటోమేటిక్ గేరు ఆయిల్ సరిపోతుంది, కొన్నింటికి ప్రత్యేకమైనది కావాలి. రంగు చూసి నిర్ణయించకూడదు. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎప్పుడూ పోయకూడదు. లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి.

4. స్టీరింగ్‌ను ఒక పక్కకు చివరిదాకా తిప్పి అలాగే బిగపట్టి ఉంచకూడదు. పీడనం పెరిగి ఆయిల్ వేడెక్కుతుంది, పంపుపై భారం పడుతుంది. చివరిదాకా తిప్పాక కొద్దిగా వదలాలి.

5. రాత్రి బండి నిలిపిన చోట పొద్దున్నే నేల చూడాలి. మరకుంటే ఆ కారుడును బాగుచేయించాకే ఆయిల్ నింపించాలి. తీసిన పాత ఆయిల్ మురుగు కాలవలో పోయకుండా గ్యారేజీలో ఇచ్చేయాలి.

దారిలో స్టీరింగ్ బరువెక్కితే కంగారు పడకండి. ఆయిల్ సాయం పోయినా స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీల లంకె ఉంటుంది, బలం పెడితే తిరుగుతుంది. మెల్లగా పక్కకు తీసి ఆపండి. ఆయిల్ పూర్తిగా పోయి ఉంటే బండిని నడపకుండా మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.