కొండవాలు నుంచి మన్యం దాకా... కేజీహెచ్ నడిచే తీరు
ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి

విశాఖపట్నం: మహారాణిపేట కొండవాలుపై విస్తరించిన కింగ్ జార్జి ఆసుపత్రికి తెల్లవారకముందే రోగుల రాక మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాత్రి రైలెక్కినవారు, పాడేరు ఘాట్ దిగి వచ్చిన గిరిజనులు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ ప్రాంతాలవారు ఓపీ చీటీల కోసం ఒకే వరుసలో నిలబడతారు. తెలుగుతోపాటు ఒడియా, కువి భాషలు కూడా ఆ వరుసలో వినిపిస్తాయి. నగరవాసులకు ఇది ‘కేజీహెచ్ అప్’, ‘కేజీహెచ్ డౌన్’ అనే రెండు బస్టాపుల నడుమ ఉన్న ఆసుపత్రి మాత్రమే. పొరుగు జిల్లాలవారికి మాత్రం ఇది ఆఖరి ఆశ. ఇక్కడి నుంచి పంపించడానికి ప్రభుత్వ రంగంలో ఇంతకు మించిన ఆసుపత్రి దగ్గరలో లేదన్నది వారి నమ్మకం.

శతాబ్ది దాటిన జంట

ఆసుపత్రిని, దానికి అనుబంధంగా ఉన్న ఆంధ్ర వైద్య కళాశాలను విడదీసి చూడలేం. 1923లో మద్రాసు ప్రెసిడెన్సీ పాలనలో ప్రారంభమైన ఈ కళాశాల నేటి ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి వైద్య కళాశాల. గుంటూరులో రెండోది 1946లో గానీ రాలేదు. అంటే ఇరవై మూడేళ్లపాటు కోస్తా, రాయలసీమ జిల్లాలకు డాక్టర్లను అందించిన ప్రభుత్వ కళాశాల ఇదొక్కటే. కాకినాడ రంగరాయ కళాశాల మరో పుష్కరం తర్వాత, 1958లో వచ్చింది. విశాఖ కళాశాల 2023లో శతవసంతాల వేడుక జరుపుకొంది.

ఆసుపత్రి పడకల సంఖ్యగా లెక్కల్లో చాలాకాలంగా చెబుతూ వస్తున్నది 1,237. అయితే బోధనాసుపత్రి పరిధి ఈ ప్రాంగణంతో ముగియదు. ఘోషాసుపత్రిగా ప్రజలు పిలిచే విక్టోరియా మహిళా, శిశు ఆసుపత్రి, ప్రాంతీయ కంటి ఆసుపత్రి, చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, చినవాల్తేరులోని మానసిక వైద్యాలయం, ఛాతీ ఆసుపత్రి... ఇవన్నీ ఇదే కళాశాలకు అనుబంధం. మానసిక వ్యాధి అని కేజీహెచ్‌కు వచ్చిన రోగిని చినవాల్తేరుకు వెళ్లమనడం తిప్పించుకోవడం కాదు. ఆ విభాగం అక్కడే ఉండడమే కారణం.

‘గురువారం రండి’ అంటే...

దూరప్రాంత రోగులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ మాటే. దీని వెనుక ఉన్నది యూనిట్ల విధానం. జనరల్ మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, ఎముకలు వంటి పెద్ద విభాగాలను యూనిట్లుగా విభజిస్తారు. ఒక్కో యూనిట్‌కు ఒక ప్రొఫెసర్ అధిపతి. ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీ విద్యార్థులు, హౌస్ సర్జన్లు ఉంటారు. ప్రతి యూనిట్‌కూ వారంలో నిర్దిష్టమైన రోజులు కేటాయిస్తారు. ఆ రోజు ఓపీ చూసేదీ, అత్యవసరంగా వచ్చినవారిని చేర్చుకునేదీ ఆ యూనిటే. ఒకసారి ఏ యూనిట్‌లో చేరితే రోగి బాధ్యత చివరిదాకా దానిదే.

అందుకే మళ్లీ చూపించుకోవడానికి వచ్చేవారు తమ యూనిట్ రోజునే రావాలి. మరో రోజు వస్తే ఉన్న వైద్యులు చూడవచ్చు గాని, ఆపరేషన్ చేసిన చేయి, కేసు తెలిసిన కన్ను అక్కడ ఉండవు. గుండె, మూత్రపిండాలు, నరాలు వంటి సూపర్ స్పెషాలిటీ విభాగాలకు రోజుల పట్టింపు మరింత ఎక్కువ. చింతపల్లి నుంచి వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన కూలీకి రోజు తప్పడమంటే రానూపోనూ చార్జీలు, ఒక రోజు కూలి, ఆసుపత్రి ఆవరణలో ఒక రాత్రి పడక. ఓపీ చీటీ మీద యూనిట్ సంఖ్య, రావలసిన వారం స్పష్టంగా రాయించుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. చదవడం రానివారు ఆ వివరాన్ని నోటితో చెప్పించుకుని గుర్తుపెట్టుకోవడం మేలు. గిరిజనులకు దారి చూపేందుకు ఆసుపత్రిలో ఎస్టీ సెల్ ఉంది. మన్యం నుంచి వచ్చేవారు ముందుగా అక్కడికి వెళితే తిరుగుడు తగ్గుతుంది.

మంచం చుట్టూ ఇంతమంది ఎందుకు?

ఒకే రోగిని నలుగురు వేర్వేరుగా అవే ప్రశ్నలు అడగడం బంధువులకు విసుగు పుట్టిస్తుంది. బోధనాసుపత్రి స్వభావమే అంత. ఎంబీబీఎస్‌లో నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. పీజీ మూడేళ్లు. కేస్ షీటు రాసేది, సెలైన్ చూసేది, రాత్రివేళ ముందుగా స్పందించేది వీరే. ప్రొఫెసర్ ఉదయం రౌండ్స్‌కు వచ్చినప్పుడు వీరు చెప్పిన దాన్ని సరిచూసి నిర్ణయం తీసుకుంటారు. విసుగనిపించే ఆ పునరుక్తిలోనే ఒక్కోసారి మొదట తప్పిపోయిన లక్షణం బయటపడుతుంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఘటనకు నిరసనగా దేశవ్యాప్తంగా జూనియర్ వైద్యులు విధులు బహిష్కరించినప్పుడు, బోధనాసుపత్రులు ఎవరి భుజాల మీద నడుస్తున్నాయో జనానికి అర్థమైంది.

విపత్తు వేళ

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు బాధితులను వందల సంఖ్యలో తరలించింది ఇక్కడికే. అప్పటికి కోవిడ్ లాక్‌డౌన్ సాగుతోంది. అంతమందికి ఒకేసారి ఆక్సిజన్ పెట్టడం, పిల్లలను వేరుచేసి చూడడం, మృతులకు పోస్టుమార్టం జరిపించడం ఒకే ఆవరణలో సాగాయి. రేవు, ఉక్కు, చమురు శుద్ధి కర్మాగారాలున్న నగరానికి ఇటువంటి ఆసుపత్రి అవసరం రోజువారీ ఓపీ లెక్కలకు అందేది కాదు.

నిధులు, కొత్త కళాశాలలు

జీతాలు, మందులు ప్రభుత్వ బడ్జెట్ నుంచి వస్తాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం ప్రభుత్వాసుపత్రులకు మరో ఆదాయ మార్గం తెరిచింది. పథకం కింద జరిగే శస్త్రచికిత్సకు వచ్చే సొమ్ములో కొంత ఆసుపత్రి అవసరాలకు, కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా అందుతుంది. కాబట్టి రేషన్, ఆధార్ కార్డులు వెంట తెచ్చుకోవడం రోగికే కాదు, ఆసుపత్రికీ లాభమే.

భారం పంచుకునేవి కొన్ని వచ్చాయి. శ్రీకాకుళంలో రిమ్స్ 2008లో, హనుమంతవాకలో విమ్స్ 2016లో, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో, పాడేరు కళాశాల 2024లో ప్రారంభమయ్యాయి. భవనాలు వచ్చినంత వేగంగా నిపుణులు రారు. మత్తు వైద్యుడు, పిల్లల వైద్యుడు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంటేనే పాడేరులో కాన్పు కష్టమైన తల్లికి ఘాట్ రోడ్డు ప్రయాణం తప్పుతుంది. అది జరిగేవరకు 108 వాహనాలు కొండ దిగి మహారాణిపేటకు వస్తూనే ఉంటాయి.

డిశ్చార్జి సమయంలో ఇచ్చే కాగితాన్ని చాలామంది ఇంటికి చేరేలోపే పోగొట్టుకుంటున్నారు. చేసిన చికిత్స, వాడవలసిన మందులు, మళ్లీ రావలసిన తేదీ అందులోనే ఉంటాయి. సొంతూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దాన్ని చూపిస్తే అక్కడి వైద్యుడు చికిత్సను కొనసాగించే వీలుంటుంది.