గట్టుమీద రెండు తెల్లపూలు

నాలుగు వానలు పడేసరికి చేని గట్లమీద రెండు మొక్కలు తెల్లగా పూసి కనిపిస్తాయి. ఒకటి గడ్డిచామంతి, రెండవది వయ్యారిభామ. రెండూ చామంతి కుటుంబానివే, రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అయినా రెంటినీ ఒక్క గాటన కట్టరాదు.

గడ్డిచామంతి నేలబారు మొక్క. ఆకు గరుకు, అంచున రంపపు పళ్ళుంటాయి. జానెడు కాడ కొసన ఒక్కటే పువ్వు. నడుమ పసుపు, చుట్టూ మీగడ రంగు రేకలు, ఒక్కొక్క రేకకు మూడేసి పళ్ళు. దెబ్బ తగిలితే దీని పసరు పిండటం పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. ఇదీ కలుపే, గాని గట్టున ఉంటే తొందర లేదు.

వయ్యారిభామ అలా కాదు. మొదట ఆకులను నేలమీద చదునుగా పరుస్తుంది. చూస్తే కారెట్ ఆకనిపిస్తుంది. ఆ తరువాత నిటారుగా లేచి నడుమెత్తు పెరిగి, బియ్యపు నూకల్లాంటి పూలు గుత్తులుగా పూస్తుంది. మొలిచిన నెలకే పూత! ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 గింజలు రాల్చగలదు. తగిలితే దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం.

వేరుశనగ వేసేవారు మరొక సంగతి గమనించాలి. 2000 సంవత్సరం ఖరీఫులో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు సుమారు 2,25,000 హెక్టార్లలో సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామలో దాగి ఉంటుంది. మొక్క మాత్రం పచ్చగా, నిక్షేపంలా కనిపిస్తుంది. దాని పుప్పొడి గాలికి వచ్చి వేరుశనగ ఆకులమీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకినచోట వైరస్ లోపలికి దిగుతుంది. లేత పైరుకు సోకితే మొక్క చచ్చిందన్నమాటే.

కాబట్టి చేలో కలుపు తీస్తే చాలదు. గట్టూ, బాట పక్కనా కూడా పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగు వేసుకొని వేరుతో పీకాలి. పైపైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. చేని చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గాని సజ్జ గాని వేస్తే పుప్పొడికీ పురుగుకూ కొంత అడ్డు.

పీకినదాన్ని పెంటలో వేయవచ్చునా అంటారా? పూయనిదైతే నిక్షేపంగా వేయండి. పూసినదాన్ని వేస్తే ఆ ఎరువుతోపాటు గింజలు కూడా చేలోకి తోలుకున్నట్టే.